కార్తూసు మిషను మీద గాట్లు

మాదన్నపేట అనగానే నగరంలో ఎవరికైనా కూరగాయల మండీ గుర్తొస్తుంది. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషా దగ్గర మంత్రిగా చేసిన మాదన్న పేరు మీద ఈ పేట వెలిసిందంటారు. మాదన్నను 1686లో చంపేశారు. మరుసటి ఏడు గోల్కొండ ఔరంగజేబు చేతిలోకి పోయింది. ఆ కాలంలో దక్కన్‌లో తిరిగిన సైన్యాలకు ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మోసినవాళ్ళు మా బంజారాలే. ఏ సైన్యం గెలిచినా మా ఎడ్లు నడుస్తూనే ఉండేవి.

మా ఇంటి కథ మాత్రం అంత పాతది కాదు. 1972 కరువులో దేవరకొండ దిక్కు తాండా నుంచి మా బాపు ఈ మండీకి హమాలీ పనికి వచ్చాడు. పగలు బస్తాలు మోసి, రాత్రి ఆ బస్తాల మీదే పడుకునేవాడు. మేము ఇద్దరన్నదమ్ములం ఈ గల్లీల్లోనే పుట్టాం. మండీ వెనక లేత్ మిషను పెట్టుకున్న ఒక ఉస్తాద్ మమ్మల్ని చిన్నప్పుడే పనిలోకి తీసుకున్నాడు. ఆయన మాకు నేర్పిన మొదటి పాఠం ఇనుము పట్టుకోవడం కాదు, ఇనుమును చూడడం. ఏ వస్తువు రిపేరుకు వచ్చినా ముందు ఒక పూట దాన్ని ఊరికే చూడమనేవాడు. ఎక్కడ అరిగింది, ఏ చేతి వైపు అరిగింది, ఇంతకుముందు ఎవరు విప్పారు అని అడిగేవాడు. ఆయన పోయాక అదే దుకాణం కిరాయికి తీసుకుని నడుపుకుంటున్నాం. తూకం కాటాలు, బండి ఇరుసులు, మిర్చి గిర్నీల షాఫ్టులు, కుట్టు మిషన్లు మా రోజువారీ పని. అప్పుడప్పుడు పాత గడియారమో, గ్రామఫోనో వస్తుంది.

పోయిన వానకాలంలో కార్తూసు మిషను వచ్చింది.

తెచ్చినాయన పాత దేవిడీ ఇంటి మనిషి. వాళ్ళ తాతకు జాగీరు ఉండేదట. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, దేవిడీ వాటాలైంది, సామాన్లు అమ్ముడుపోయాయి. మిగిలిన ఒక పెట్టెలో ఇది దొరికిందని చెప్పాడు. పాత గుడ్డలో చుట్టి తెచ్చి మా బల్ల మీద పెట్టాడు. మొదట చూడగానే కీమా మిషను అనుకున్నాం. బల్ల అంచుకు బిగించే పట్టు, తిప్పే పిడి అచ్చం అలాగే ఉన్నాయి. ఇనుప చట్రం, ఇత్తడి భాగాలు, కింద అరచేతి వెడల్పు చెక్క. ఇనుము మీద అక్షరాలు చాలా వరకు చెరిగిపోయాయి. 'షెఫీల్డ్' అన్న ఒక్క మాట మాత్రం చదవగలిగాం. ఇంగ్లండులోని ఆ ఊళ్ళో జేమ్స్ డిక్సన్ అండ్ సన్స్ లాంటి కంపెనీలు ఆ రోజుల్లో వేటగాళ్ళ కోసం ఇలాంటి సామాన్లు చేసి అమ్మేవి.

ఇది వాడిన కార్తూసులను మళ్ళీ నింపే మిషను. ఇప్పటి తూటాలు చూసినవాళ్ళకు పాత వేట కార్తూసు ఎలా ఉండేదో చెప్పాలి. గట్టి కాగితపు గొట్టం, దాని అడుగున ఇత్తడి టోపీ, ఆ ఇత్తడి మధ్యలో నిప్పు పుట్టించే చిన్న టోపీ. గొట్టంలో మందు, దాని మీద అట్ట బిళ్ళ, ఉన్ని బిళ్ళ, ఆపైన సీసపు ఛర్రాలు, మళ్ళీ పలుచని అట్ట. చివరికి గొట్టం అంచును లోపలికి మడవాలి, లేకపోతే ఛర్రాలు కారిపోతాయి. పేల్చిన తర్వాత ఇత్తడి, కాగితం మిగులుతాయి. వాటిని పారేయకుండా, కాలిన టోపీ తీసి కొత్తది పెట్టి, మళ్ళీ నింపి, అంచు మడిస్తే ఇంకోసారి పనికొస్తుంది. మా దగ్గరికి వచ్చిన మిషనులో ఒక పక్క టోపీ తీసిపెట్టే మీట, ఇంకో పక్క అంచు మడిచే తల ఉన్నాయి. 12 బోరు తుపాకీది. 12 బోరు అంటే, ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు 12 కలిస్తే ఒక పౌను తూగుతాయని లెక్క. గొట్టం లోపలి వెడల్పు దాదాపు 18.5 మిల్లీమీటర్లు.

"భాయ్, కొత్తదాని లెక్క మెరవాలె. అద్దాల పెట్టెల పెడ్త" అన్నాడాయన. 8,000 రూపాయలకు మాట కుదిరింది.

పని మొదలుపెట్టే ముందు మేము ఒక కాగితం అడిగాం. లైసెన్సు లేకుండా తుపాకీ గానీ తూటా గానీ తయారు చేయకూడదని 1959 ఆయుధాల చట్టం చెప్తుంది. దేవిడీ మనిషి ఇంట్లో ఈ మిషను ఉంటే పాత వస్తువు. మా దుకాణంలో, మా పేర్లతో, మా బస్తీలో అదే మిషను కనబడితే ఏమనుకుంటారో మాకు తెలుసు. ఆయన పోలీసు స్టేషనులో చెప్పి, ఇది అలంకారానికి పెట్టుకునే పాత వస్తువని రాసి ఇచ్చిన దరఖాస్తు మీద ముద్ర వేయించుకుని తెచ్చాడు. దాని జిరాక్సు తీసి మిషను కిందే పెట్టుకున్నాం. పని జరిగినన్ని రోజులూ అది అక్కడే ఉంది. టోపీ గుద్దే పిన్ను విరిగి ఉంది, అది కొత్తది చేయమని ముందే చెప్పాం. ఆయన ఒప్పుకున్నాడు.

సాయంత్రం బాపు దుకాణానికి వచ్చి మిషను చూశాడు. ఏమిటో చెప్పగానే స్టూలు మీద కూర్చుండిపోయాడు. "గీ కార్తూసుల ఖాళీ డబ్బాలు మా బాపు ఏరిండు బేటా" అన్నాడు.

మా దాదా హాకాకు పోయిన సంగతి మేము అదివరకు ముక్కలు ముక్కలుగా విన్నాం. ఆరోజు పూర్తిగా చెప్పాడు. వేటకు పెద్దలు వస్తున్నారంటే ముందే కబురు వచ్చేది. దిండి వాగు దాటి నల్లమల అంచు దాకా మనుషులను తోలుకుపోయేవాళ్ళు. జాడ చూపడం చెంచుల వంతు. డప్పులు, డబ్బాలు కొడుతూ, కేకలు వేస్తూ అడవిని జల్లెడ పట్టి జంతువును తుపాకీ ముందుకు తోలడం మిగిలినవాళ్ళ వంతు. కూలి లేదు, వెట్టి. వేట అయిపోయాక ఇంకో పని ఉండేది. గడ్డిలో పడ్డ ఖాళీ కార్తూసులు వెతికి తెచ్చివ్వాలి. ఎన్ని పేలాయో అన్నీ రావాలి. దాదా చిన్నతనంలో ఒకటి దాచుకుని, నోటి దగ్గర పెట్టి ఊదితే ఈల మోగేదట. దానికి దెబ్బలు తిన్నాడట. "కార్తూసులు లెక్కవెట్టేటోళ్ళు. మనుషులు ఎందరు పోయిన్రు, ఎందరు తిరిగొచ్చిన్రు, గది ఎవ్వడు లెక్కవెట్టలె" అన్నాడు బాపు.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులి వేటకు పేరుమోసినవాడు. ఆ వేటల ఫొటోలు లాలా దీన్‌దయాళ్ తీశాడు. 1893లో ఆస్ట్రియా రాజవంశపు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ కూడా నిజాం అతిథిగా వచ్చి ఇక్కడ వేటాడి పోయాడు. 1914లో ఆయన మీద పేలిన తుపాకీయే మొదటి ప్రపంచయుద్ధానికి దారితీసింది. ఆయన ఆయుష్షులో ఎన్ని జంతువులను చంపాడో పుస్తకాల్లో లెక్క ఉంది. ఇక్కడ ఆయన కోసం అడవి కొట్టినవాళ్ళ పేర్లు మేము ఎక్కడా చదవలేదు. దీన్‌దయాళ్ ఫొటోల్లో మేము చూసినవాటిలో కూడా ముందు చచ్చిన పులి, వెనక తుపాకీలు పట్టిన పెద్దలు. హాకా కొట్టినవాళ్ళు ఉంటే అంచున ఉంటారు, మొహాలు మసకగా.

మర్నాడు పని మొదలైంది. ముందు మిషను టోపీల వైపు టార్చి వేసి చూశాం. పాత టోపీ ఏదైనా లోపల ఇరుక్కుని ఉంటే ప్రమాదం. వెనకటి టోపీల్లో పాదరసంతో చేసిన మందు ఉండేది, చిన్న దెబ్బకే పేలుతుంది. ఏమీ లేదని తేలాక విప్పడం మొదలుపెట్టాం. ఒక విచిత్రం కనిపించింది. మిషను అంతా పలుచగా తుప్పు పట్టి ఉంటే, కాలిన టోపీలు రాలిపడే చోట మాత్రం ఇనుము గుంటలు గుంటలుగా తినేసి ఉంది. దానికి కారణం ఉప్పు. ఆ కాలపు టోపీ మందులో పొటాషియం క్లోరేటు కలిపేవాళ్ళు. అది కాలితే మిగిలేది ఒక రకం ఉప్పే. గాలిలో తేమను లాగి కింద ఇనుమును తింటూ కూర్చుంటుంది. నూనె పూస్తే ఉప్పు కరగదు, నూనె కిందే దాని పని అది చేస్తుంది. అందుకే అప్పటి సిపాయిలు కాల్పులయ్యాక తుపాకీ గొట్టంలో మొదట మరిగే నీళ్ళు పోసి, ఆ తర్వాతే నూనె పూసేవాళ్ళు. మేమూ అదే చేశాం. మూడుసార్లు వేడినీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టి, తర్వాత గ్యాస్‌నూనెలో నానేశాం. లవణం మోసినందుకే మాకు లంబాడీలన్న పేరొచ్చిందని చెప్పేవాళ్ళున్నారు. ఉప్పు సంగతి మాకు ఒకరు చెప్పాలా అని బాపు నవ్వాడు.

బల్లకు బిగించే పెద్ద స్క్రూ మూడు రోజులు నానినా కదల్లేదు. చుట్టూ మెల్లగా వేడి చేసి, చల్లారనిచ్చి, మళ్ళీ వేడి చేసి, నాలుగోసారికి కదిలించాం. పక్కనున్న చిన్న స్క్రూ మాత్రం తల తెగి ఉంది. ఎవరో ఎప్పుడో తప్పుడు స్క్రూ పెట్టి బిగించారు. ఈ పాత ఇంగ్లండు సామాన్లతో ఉన్న చిక్కే అది. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఆయన 1841లో స్క్రూల చూడీలకు ఒక కొలత పెట్టాడు. ఆ చూడీ గాడి కోణం 55 డిగ్రీలు. ఇప్పుడు బజారులో దొరికే మిల్లీమీటరు స్క్రూలది 60 డిగ్రీలు. పావు అంగుళం విట్‌వర్త్ స్క్రూకు అంగుళానికి 20 చూడీలు. 6 మిల్లీమీటర్ల స్క్రూ చూడడానికి దాని అన్న లాగే ఉంటుంది, రెండు చుట్లు తిరుగుతుంది కూడా. మూడో చుట్టుకు పట్టేస్తుంది. బలవంతం చేస్తే ఇత్తడి చూడీ తినుకుపోతుంది. మేము లేత్ మీద గేర్లు మార్చుకుని, 55 డిగ్రీలకు పదును పెట్టిన ముక్కతో కొత్త స్క్రూ కోశాం. తిప్పే ఇరుసు అరిగి ఊగుతుంటే దానికి ఇత్తడి బుష్ చేసి తొడిగాం. ఇత్తడి భాగాలను చింతపండు, ఉప్పు వేసి తోమాం. తర్వాత నీళ్ళతో బాగా కడిగాం.

మడిచే తల సరిగా తిరుగుతోందో లేదో చూడాలి. కార్తూసు మా దగ్గర లేదు, ఉండకూడదు. గల్లీలో ఎవరిదో పెళ్ళి శుభలేఖ ఉంటే ఆ అట్టను గొట్టంలా చుట్టి, అతికించి, మిషనులో పెట్టి తిప్పాం. అంచు గుండ్రంగా లోపలికి ముడుచుకుంది. వందేళ్ళ నాటి వస్తువు తన పని మరిచిపోలేదు.

అప్పటికి చెక్క మిగిలింది.

దేవిడీ ఆయన చెప్పింది స్పష్టంగానే ఉంది. చెక్క మీద గీతలున్నాయి, రందా కొట్టి పాలిష్ పెట్టాలి. తిప్పే పిడి నాసిగా ఉంది, శీషం కర్రతో కొత్తది చేయాలి. గంటన్నర పని. రందా చేతిలోకి తీసుకునే ముందు ఉస్తాద్ చెప్పినట్టు ఒక పూట చూశాం. పిడి ఇంగ్లండుది కాదు. తుమ్మ కర్రను కత్తితో చెక్కింది. విసుర్రాయి పిడి చెక్కినట్టు కింద లావు, పైన సన్నం. బొటనవేలు ఆనే చోట చిన్న గుంట పడి ఉంది. ఒక్కరోజులో పడే గుంట కాదు. చెక్క మీద ఉన్నవి గీతలూ కావు. కత్తితో ఒకే లోతున, ఒకే దూరంలో పెట్టిన గాట్లు. మసి తుడిచి లెక్కపెట్టాం. ఇరవై గాట్లయ్యాక ఒక పొడుగు గీత. మళ్ళీ ఇరవై, మళ్ళీ గీత. అలా 17 ఇరవైలు, మీద 6. మొత్తం 346.

కంపెనీ కార్తూసులు 25 చొప్పున డబ్బాలో వచ్చేవి. యజమాని లెక్క అయితే 25ల్లో ఉండేది. ఇరవై చొప్పున లెక్కపెట్టేది ఊళ్ళలో, తాండాల్లో. మా గోర్ బోలీలో ఇరవైని వీస్ అంటారు. మా దాది జొన్నల కుప్పను, మేకలను, అప్పును అన్నిటినీ వీస్‌లలోనే చెప్పేది. ఆ చెయ్యి లంబాడీదే అని మేము అనడం లేదు. ఇరవైలు అందరివీ. రాయడం రాని చెయ్యి అని మాత్రం చెప్పగలం.

"గది దొర లెక్క గాదు బేటా" అన్నాడు బాపు, గాట్ల మీద వేలు పెట్టి. "నింపినోని లెక్క. రేపు ఒక్కటి తక్కువైతె వాడే దొంగ. గందుకే కోసుకున్నడు."

మేము మిషను కింద ఉన్న జిరాక్సు కాగితం వైపు చూశాం.

దొంగ అన్న మాట మా జాతికి కొత్త కాదు. 1871లో తెల్లదొరలు చేసిన నేరస్థ జాతుల చట్టం కింద మా వాళ్ళను చాలా చోట్ల రాసుకున్నారు. పుట్టుకతోనే నేరస్థులన్నారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో గానీ ఆ చట్టం పోలేదు. తెలంగాణలో మమ్మల్ని షెడ్యూల్డు తెగగా గుర్తించింది 1976లో. అలాంటి కాలంలో మందూ ఛర్రా చేతిలో పెట్టి, తలుపు పక్కన కూర్చోబెట్టిన మనిషి తన సాక్ష్యం తానే తయారు చేసుకోవాలి. కాగితం రాదు కనుక చెక్క మీద కోసుకున్నాడు.

మా ఇద్దరిలో మాట తేడా వచ్చింది. చిన్నవాడు అన్నాడు: మనది మజూరీ పని. చెప్పింది చేసి పైసలు తీసుకోవాలె. పిల్ల ఇంటర్ ఫీజు కట్టేది ఈ నెలాఖరుకే. ఇది మన వస్తువా? పెద్దవాడు అన్నాడు: గంటన్నరలో రందా కొట్టొచ్చు, మళ్ళీ పెట్టలేము. ఇనుము అరిగితే ఇనుము పోస్తాం. ఇది పోతే ఏం పోస్తాం? రెండు మాటలూ నిజమే. ఆ రాత్రి తెగలేదు. చివరికి ఆయనకే చెప్పి చూద్దామనుకున్నాం.

ఆయన వచ్చి, "మా తాత కార్తూసులు ఆయనే నింపుకునేటోడు భాయ్" అన్నాడు. "సాబ్, మీ తాతగారు చదువుకున్నవారు. లెక్క కావాలంటే పుస్తకంలో రాసుకునేవారు. చెక్క మీద కోసుకునే అవసరం ఆయనకేముంటుంది?" అని అడిగాం. ఆయన కోపం చేసుకోలేదు. వేలితో గాట్లు తడిమాడు. అక్కడి నుంచే వాళ్ళ మేనత్తకు ఫోను చేశాడు. ఆమెకు ఎనభై దాటాయట. వరండాలో ఒక నౌకరు కూర్చుని ఆ మిషను తిప్పుతుండేవాడని, పిల్లలను దగ్గరికి రానిచ్చేవాడు కాదని ఆమె చెప్పింది. పేరు అడిగితే గుర్తు లేదంది. నౌకర్ అనే పిలిచేవాళ్ళట.

చివరికి చెక్కను అట్లాగే ఉంచడానికి ఒప్పుకున్నాడు. అవిసె నూనె మాత్రం పట్టించాం. పిడి విషయంలో ఒప్పుకోలేదు. అద్దాల పెట్టెలో నాసిరకం పిడి బాగుండదన్నాడు. శీషంతో కొత్తది చేసి బిగించాం. చెక్క పని తగ్గింది కనుక 8,000లో 2,500 తగ్గించి ఇచ్చాడు. పాత పిడి తీసుకుపొమ్మంటే, "మీరే ఉంచుకోండ్రి" అన్నాడు. ఫీజుకు తక్కువైన పైసలు మండీలో చేబదులు తెచ్చాం.

ఈ నగరంలో తుపాకులు చూడాలంటే మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియానికి పోవాలి. మనల్ని చూడాలంటే మాసబ్‌ట్యాంకులో గిరిజన మ్యూజియం ఉంది. అక్కడ మా ఆడవాళ్ళ అద్దాల రవికలు, గవ్వలు, గాజులు ఉన్నాయి. రెండింటికీ మధ్య కొన్ని కిలోమీటర్ల దూరం. ఆ తుపాకులకు మందు నింపిన చేతులు, అడవి కొట్టిన చేతులు ఎక్కడ పెట్టారని అడిగితే రెండు చోట్లా జవాబు దొరకదు. మా మూలవాసులు తుపాకీకి ఎదురు నిలిచిన కథలు మనకు తెలుసు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజుతో కలిసి గాం గంటందొర, మల్లుదొరలు మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లు పట్టుకున్నది తుపాకుల కోసం, తూటాల కోసం. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం మీద నిజాం పోలీసుల తూటాలు పేలాయి. ఆ కథలు చెప్పుకోవాలి. దాంతోపాటు, తిండి కోసం వాళ్ళ తూటాలు నింపి, దొంగతనం అంటగట్టకుండా చెక్క మీద లెక్క కోసుకున్న మనిషి కథ కూడా మనదే. అది వీరగాథ కాదు కనుక ఎవరూ పాట కట్టరు. మనమైనా రాసుకోవాలి.

తాండాల నుంచి చదువుకోవడానికి నగరానికి వచ్చిన పిల్లలకు ఒక మాట. పాత వస్తువు ఏది చూసినా ఇనుము మెరుపు దగ్గర ఆగకండి. పిడి చూడండి, అడుగు చెక్క చూడండి, ఎక్కడ అరిగిందో చూడండి. మన పెద్దలు చాలామంది కాగితం మీద లేరు, అలాంటి చోట్ల ఉన్నారు. వస్తువును బాగుచేసే పని మీ చేతికి వస్తే, రందా పట్టే ముందు ఒక పూట చూడండి.

తుమ్మ పిడి ఇప్పుడు మా లేత్ పక్కన గోడకు ఉంది. దుకాణానికి వచ్చినవాళ్ళు ఇదేంటని అడుగుతుంటారు. పేరు తెలియని ఒకాయనది, 346 కార్తూసులకు లెక్క చెప్పినాయనది అని చెప్తాం.